పెట్టె మీది పేరు

పార్సిలు పెట్టె ఇంట్లోకి రాగానే సువార్తమ్మ మొదట చేసే పని దాని మీది పేరు ఊడబీకడం. తడిగుడ్డ చీటీ మీద పరిచి, అది నానేదాకా పక్కనే కూచుని, గోటితో ఒక మూల లేపి, చిక్కుడుకాయ ఈనె తీసినంత ఓపికగా ఒలిచేది. ఎం. జెస్సికా, కేరాఫ్ సువార్తమ్మ, నేత్రావతిగారి బిల్డింగు, రెండో అంతస్తు వెనక పోర్షను, బొమ్మనహళ్ళి, ఆ కింద ఫోను నంబరు. ఒలిచినదాన్ని మళ్ళీ మగ్గులో నానబెట్టి, పిండి ముద్ద చేసి, ఆ ముద్దను కూడా ఒక్కసారే పారెయ్యకుండా సగం ఇవాళ్టి చెత్తలో, సగం రేపటి చెత్తలో కలిపేది.

"ఏందమ్మా, అట్టపెట్టెలకు కూడా గుండు కొట్టించి పంపిస్తావు?" అని పాత పేపర్లాయన నవ్వేవాడు.

"కొట్టిస్తా. నా బిడ్డ పేరు నీ తోపుడుబండెక్కి ఊరంతా ఊరేగాల్నా?" అనేది సువార్తమ్మ.

ఈ అలవాటు ఆమెకు కొత్తగా వచ్చింది కాదు. మోకాళ్ళు మొరాయించేదాకా హోసూరు రోడ్డు మీది గార్మెంట్సు ఫ్యాక్టరీలో పనిచేసింది. విదేశాలకు పోవలసిన చొక్కాల్లో కుట్టు తప్పినవి పక్కన పడేస్తే, వాటి మెడ దగ్గరి కంపెనీ గుడ్డముక్కను కత్తిరించడం ఆమె పని. పేరు కత్తిరించాకే అవి ఫుట్‌పాత్ మీదికి అమ్మకానికి పోవాలి. పేరున్న చొక్కా ఒక్కటి బయటికి పోయినా సూపర్‌వైజరు ఇంతెత్తున లేచేవాడు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషికి లోకం గురించి తెలిసిన గట్టి సంగతి అదొకటి. పేరు పోగొట్టుకున్న బట్ట ఎవరి ఒంటి మీదికైనా పోతుంది. పేరు పరాయి చేతికి దొరికిన మనిషి గతీ అంతే.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. సువార్తమ్మ కీడెంచేది గానీ, మేలెంచేదాకా ఎప్పుడూ వచ్చేది కాదు. రోడ్డు మీద అంబులెన్సు కూత వినిపిస్తే కూతురికి ఫోను చేసేది. గ్యాసు కట్టేసి, కట్టేసిందో లేదో చూసి, చూసిన సంగతి మరిచిపోయి మళ్ళీ చూసేది. ఒకసారి టీవీలో ఎవరో ముసలామెను చూపించారు. ఆమె ఆధార్ కాపీ పెట్టి ఎవరో ఎక్కడెక్కడో సామాన్లు కొనేశారట, పోలీసులు వచ్చి ఆమె తలుపే తట్టారట. "నేను గాదు నాయనా, నేను గాదు" అని ఏడుస్తున్న ఆమె ముఖం సువార్తమ్మకు కళ్ళు మూసుకుంటే కనిపించేది. భర్త ఐజాక్ ఉండుంటే "ఆమె ఎవరో, నువ్వు ఎవరో, నోరు మూసుకుని అన్నం పెట్టు" అని కసిరేవాడు. ఆ కసురుతో భయం సగం దిగిపోయేది. పీణ్య ఫ్యాక్టరీలో లేతు మిషను ముందు నిలబడి టీ తాగుతూ తాగుతూ ఒరిగిపోయాడు ఐజాక్. అప్పట్నుంచి ఆమె భయాలను కసిరేవాళ్ళు లేక అవి ఇంట్లో పెంపుడు పిల్లుల్లాగా తిరుగుతున్నాయి.

జెస్సికా బొమ్మసంద్ర దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సు. ఆసుపత్రివాళ్ళ హాస్టల్లోనే మకాం. బొమ్మనహళ్ళికీ బొమ్మసంద్రకూ ఒకటే రోడ్డు, ఒకటే బస్సు. అయినా డ్యూటీలు, నిద్రలు, నిద్ర చాలని తలనొప్పులు మధ్యలో ఉన్నాయి. హాస్టల్ వాచ్‌మన్ పార్సిళ్ళు ముట్టుకోడు. "నాకెందుకు తల్లీ ఆ తలనొప్పి, పోతే నా మెడకు చుట్టుకుంటుంది" అంటాడట. అందుకని జెస్సికా ఏం కొనుక్కున్నా అమ్మ ఇంటికే తెప్పించుకునేది. ఫోనులో ఆ అడ్రసు పైన 'ఇల్లు' అని రాసి ఉండేది. పార్సిలు వచ్చిన వారం సెలవురోజున జెస్సికా వచ్చేది. తినేది, పడుకునేది, లేచి టీ తాగి పెట్టెలోది తీసుకుని పోయేది. పార్సిలు లేని వారం ఫోను మాత్రం వచ్చేది. "ఈ వారం రాలేనమ్మా, ఒళ్ళు హూనమైంది."

ఈ లెక్క సువార్తమ్మకు ఎప్పుడో తెలిసిపోయింది. నోరు తెరిచి ఒక్కనాడూ అనలేదు. "ఏమైనా తెప్పించుకోవే, దుప్పటి బాగలేదన్నావు కదా" అని మాత్రం అప్పుడప్పుడూ గుర్తు చేసేది.

పార్సిలు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోడానికి జెస్సికా తన ఖాతానే అమ్మ పాత ఫోనులో కూడా తెరిచి పెట్టింది. ఖాతాకు నంబరు కూడా అమ్మదే ఇచ్చింది. పొద్దున బైబిలు మూశాక సువార్తమ్మ తెరిచేది ఆ పేజీయే. బయలుదేరింది. ఊళ్ళోకి వచ్చింది. ఈ రోజు మీ ఇంటికి. పార్సిలు తెచ్చినాయన గుమ్మంలో నిలబడి, ఫోనుకొచ్చిన నంబరు చెప్పమంటాడు. చెబితేనే పెట్టె ఇస్తాడు. "గుమ్మంలో ఉన్నవాడికి తప్ప ఇంకెవరికీ ఆ నంబరు చెప్పొద్దు" అని జెస్సికా వెయ్యిసార్లు చెప్పింది. సువార్తమ్మ దానికి ఇంకొకటి తగిలించింది. ఇనుప గ్రిల్లు తియ్యకుండానే పెట్టెను ఎత్తి చూపించమనేది. కళ్ళజోడు పెట్టుకుని దాని మీద కూతురి పేరు చదివాకే నంబరు చెప్పేది. ఎప్పుడూ వచ్చే సుంకన్నది ఆదోని పక్క. "మా అత్త పిల్లనిచ్చేటప్పుడు కూడా నన్నింత పరీక్ష చెయ్యలేదమ్మా" అనేవాడు.

"చేసింటే బాగుపడేది" అనేది సువార్తమ్మ.

ఈసారి వస్తున్నవి తెల్ల బూట్లు. రాత్రిళ్ళు వార్డులో నిలబడీ నిలబడీ జెస్సికా పాదాలు వాచిపోతున్నాయి. కిందటిసారి వచ్చినప్పుడు వేడినీళ్ళలో ఉప్పేసి పెట్టి, ఒళ్ళో పెట్టుకుని నొక్కింది సువార్తమ్మ. నొక్కితే వేలిగుంట పడి చాలాసేపు అట్లాగే ఉంది. అది చూశాక వెడల్పు బూట్లు తెప్పించుకోమని వెంటపడి ఆర్డరు పెట్టించింది. వస్తాయన్న రోజున మిద్దె మీద బట్టలు ఆరేయడానికి కూడా పోలేదు. సాయంత్రం పేజీ తెరిస్తే, ఇంటికి తాళం వేసి ఉంది, వెనక్కి తీసుకుపోయాం అని ఉంది. మర్నాడు అది కూడా లేదు.

"పోనీలేమ్మా, రాకపోతే డబ్బులు వెనక్కి వేస్తారు" అంది జెస్సికా ఫోనులో, ఆవలిస్తూ. "ఈ ఆదివారం పడుకుంటాలే అయితే."

ఫోను పెట్టేశాక సువార్తమ్మ చాలాసేపు గ్రిల్లు పట్టుకుని నిలబడింది. తాళమట. లోపల తను ప్రాణంతో ఉండగానే ఇంటికి తాళమన్నారు.

వాళ్ళ చర్చి సంఘానికి ఫోనులో ఒక ప్రార్థన గుంపు ఉంది. కరోనాలో మందిరం మూసినప్పుడు పెట్టింది. ఎవరికే అవసరత ఉన్నా గొంతు రికార్డు చేసి అందులో పెడితే, అందరూ ఎక్కడివాళ్ళక్కడ మోకరించి ప్రార్థన చేస్తారు. పాస్టరమ్మగారు ఎప్పుడూ ఒక మాట అంటుంది. "దేవునికి తెలియక కాదు, మనం మనసు విప్పడానికి. పేరు పెట్టి, వివరంగా చెప్పండి." జ్వరమైతే ఏ ఆసుపత్రి, ఏ వార్డు, సంబంధమైతే పిల్ల పేరు, పుట్టిన తేదీ. సువార్తమ్మకు ఆ గుంపంటే ధైర్యం. పెట్టె మీది పేరు గోటితో గీరే మనిషి, ఆ గుంపులో మాత్రం తలుపులన్నీ బార్లా తెరిచేది. దేవునితో మాట్లాడేటప్పుడు గ్రిల్లెందుకు?

"అమ్మగారికీ సంఘానికీ వందనాలు. నా కూతురు జెస్సికా పార్సిలు రాలేదు. బూట్లు. తెల్లవి. పాపం రాత్రంతా నిలబడి దానికి పాదాలు వాచినాయి. నొక్కితే గుంట పడతాండాది. ఇంటికి తాళమేసినామని అబద్ధం రాసినారు, నేను కదల్లేదు. అది రాకపోతే పాప ఈ ఆదివారం ఇంటికి రాదు. ప్రార్థన చెయ్యండి." వివరంగా ఉండాలి కదా అని పార్సిలు పేజీని ఫొటో తీసి కింద పెట్టింది. అందులో ఆర్డరు నంబరు, ఇంటి అడ్రసు, ఫోను నంబరు అన్నీ ఉన్నాయి.

ఆమెన్. ఆమెన్. చేతులు జోడించిన బొమ్మలు. ఆమెకు కాస్త కడుపు నిండినట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది.

"వందనాలమ్మా. సువార్తమ్మగారేనా?"

"ఎవరప్పా?"

"పార్సిలు ఆఫీసు నుంచి ఆశీష్‌ని. జెస్సికా అక్క బూట్లు మా దగ్గర ఆగిపోయినాయి. మీరు బాధపడతా ఉంటారని నేనే చేసినా."

సువార్తమ్మ నమ్మలేదు. "ఏం రంగు బూట్లు?" అంది. తెల్లవన్నాడు. "ఆర్డరు నంబరు చెప్పు." ఒక్కో అంకే చెప్పాడు. పేజీలో వేలు పెట్టి సరిచూసుకుంది. తప్పు పోలేదు.

"నువ్వు తెలుగువాడివా?"

"మాది కోలారు పక్కమ్మా. మనవాళ్ళమే. అడ్రసు మీదేనని సరిచూడాలంట, అందుకే ఆపినారు. అక్క పుట్టినరోజు ఎప్పుడు?"

"పుట్టినరోజు నీకెందుకు? కేకు తెస్తావా?"

అతను నవ్వాడు. దొంగనవ్వులా లేదు. ఇంట్లో పిల్లవాడు నవ్వినట్టుంది. "తెమ్మంటే తెస్తానమ్మా. సరే, ఇప్పుడొద్దులే, మీకు అనుమానంగా ఉంటే రేపు చేస్తా. భోంచేసినారా?"

ఆ మాట సువార్తమ్మను ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో. జెస్సికా ఫోను చేస్తే ముందు అడిగేది తనే. తిన్నావా, పడుకున్నావా, బస్సులో సీటు దొరికిందా. అటునుంచి ఊ, ఊ అని వచ్చేది. కింది ఇంటి నేత్రావతికి తెలుగు రాదు. ఈమెకు వచ్చిన కన్నడం నీళ్ళ మోటారు గురించీ కరెంటు గురించీ మాట్లాడుకునేంత.

"తిన్నాలే. ఒక్కదానికి ఏం వండుకుంటాం? నిన్నటి చారు."

"అట్లుండకూడదమ్మా. మా అమ్మ కూడా ఇంతే. నాయన లేరా?"

"ఐజాకని, పీణ్యలో పనిచేసేవాడు. పోయినాడప్పా. పాప అప్పుడు నర్సింగు చదువుతాండె." అట్లా మొదలైన మాట మోకాళ్ళ మీదుగా, గార్మెంట్సు మీదుగా పోయింది. జెస్సికా క్రిస్మస్ ముందురోజు పుట్టిందనీ, ఆసుపత్రిలో నర్సులు పాటలు పాడుతుండగా పుట్టిందనీ, ఏ సంవత్సరమో కూడా ఆ ధారలోనే చెప్పేసింది. ఫోను పెట్టేశాక గానీ గుర్తు రాలేదు, పుట్టినరోజు చెప్పకూడదనుకున్న సంగతి. జెస్సికాకు చెబుదామా అనుకుంది. నిద్రపోతుంటుందిలే అనుకుంది. గాలికి కిటికీ కొట్టుకున్నా ఫోను చేసే మనిషి ఆ రోజు చెయ్యలేదు.

మర్నాడు పొద్దున వంకాయ కూర చేసుకుంది. చారుతో సరిపెట్టుకునే మనిషి కొబ్బరి కూడా తురిమింది. మధ్యాహ్నం భోంచేసినారా అని అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

అతను చేశాడు. అడిగాడు. పెట్టె గురించి ఒక మాట, మిగిలినదంతా ఊరి మాటలు. ఇంకొక్క రోజు పడుతుందమ్మా, మా పైవాళ్ళతో పోట్లాడుతున్నా అన్నాడు.

మూడోనాడు గొంతులో కొంచెం తొందర ఉంది. "అమ్మా, అయిపోయింది. బండిలోకి ఎక్కిస్తుండారు. ఇప్పుడు మీ ఫోనుకు ఒక నంబరు వస్తాది. అది చెబితే సాయంత్రానికి పెట్టె మీ గడప దగ్గర ఉంటాది."

"పెట్టె చూడకుండా నంబరు చెప్పే అలవాటు నాకు లేదప్పా."

"నంబరు కొడితేనే బండి కదిలేదమ్మా. లేకుంటే ఇవాళే వాపసు పోతాది. మళ్ళీ నన్ననొద్దు."

ఫోను కిర్రుమంది. నంబరు వచ్చింది. కింద ఇంగ్లీషులో ఏదో బారుగా ఉంది. అంకెలు మాత్రం పెద్దగా కనపడుతున్నాయి. సువార్తమ్మ కళ్ళజోడు వెతుక్కుంది. వాపసు పోతే ఆదివారం లేదు. వస్తే ఉంది. గ్రిల్లు బయట ఖాళీ మెట్లు చూసింది. ఈ పిల్లోడు మాత్రం ఎందుకు మోసం చేస్తాడు, రోజూ అన్నం తిన్నావా అని అడిగే మనిషి, అనుకుంది. మొదటి అంకె నాలుక చివరికి వచ్చింది.

"బేగ చెప్పమ్మా. పాపం అక్క రాత్రంతా నిలబడి పాదాలు వాచి, నొక్కితే గుంట పడతాండాది..."

సువార్తమ్మ ఆగిపోయింది.

బూట్లు అమ్మినవాడికి సైజు తెలుస్తుంది. మోసుకొచ్చేవాడికి గడప తెలుస్తుంది. పాదం మీద పడిన గుంట ఎవరికి తెలుసు? ఆ పాదాలున్న పిల్లకు తెలుసు. నొక్కిన తనకు తెలుసు. ఇతనితో మోకాళ్ళ గురించి చెప్పింది, ఐజాక్ గురించి చెప్పింది, పాదాల గురించి ఒక్క ముక్క అనలేదు. ఆ మాట చెప్పుకున్నది ఒక్క చోటే.

"దేవునికి చెప్పిన మాట నీకెట్ల తెలిసిందప్పా?"

"మీరే చెప్పినారు కదమ్మా" అన్నాడు.

"నీకు చెప్పలా. గుంపులో చెప్పినా. నువ్వు ఆ గుంపులో ఉండావా?"

"అవన్నీ ఎందుకమ్మా, టైమైపోతాది, నంబరు..."

"నా కూతురి కోసమని ఆమెన్ కూడా పెట్టినావా?"

ఫోను కట్టయింది.

సువార్తమ్మ కుర్చీలో కూలబడింది. భయం రావాలి, వస్తుందని తెలుసు. కానీ దానికంటే ముందు ఇంకొకటి వచ్చింది. రేపు మధ్యాహ్నం ఫోను మోగదు. అది తోచినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ వెనకే భయం, వరదలాగా. పుట్టినరోజు తెలుసు వాడికి. తండ్రి పేరు తెలుసు. ఇల్లు తెలుసు. పోలీసులు హాస్టలుకు పోయి జెస్సికా తలుపు తడతారు. "నేను గాదు నాయనా" అని జెస్సికా ఏడుస్తుంది. ఫోను ఆపేసి, తువ్వాలలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టింది. పెట్టాక, అది లేకుండా జెస్సికా ఏం చెయ్యగలదని మళ్ళీ తీసి సంచిలో వేసుకుంది. ఇంక ఫోనులో చెప్పే మాట కాదిది. ఎవరు వింటున్నారో ఏమో.

మెట్ల దగ్గర నేత్రావతి కన్నడంలో ఎక్కడికని అడిగింది. కూతురి దగ్గరికని చెప్పి బస్సెక్కింది.

బస్సులో కిటికీ పక్కన కూచుని ఇంకో సంగతి లెక్క వేసుకుంది. చెబితే జెస్సికా ఊరుకోదు. అమ్మ ఫోనులోంచి ఖాతా తీసేస్తుంది. 'ఇల్లు' తీసేస్తుంది. ఇంక పార్సిళ్ళు రావు. పార్సిళ్ళు రాకపోతే ఏమవుతుందో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కూడ్లు గేటు దగ్గర, దిగి వెనక్కి పోదామా అనిపించింది. నంబరైతే చెప్పలేదు కదా. ఏమీ కాకపోవచ్చు. కానీ ఏమీ కాదు అని నమ్మడం ఆమెకు ఈ జన్మలో చేతనైన పని కాదు. బస్సు కదిలింది. హెబ్బగోడి దాటేదాకా సంచిని రెండు చేతులా ఒళ్ళో నొక్కిపట్టుకుంది.

హాస్టల్ గేటు దగ్గరికి జెస్సికా నైటీ మీద చున్నీ వేసుకుని పరిగెత్తుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏమైంది? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదే. నేనే చేసినా." మొదట్నుంచి చెప్పింది. జెస్సికా వింటూనే ఫోను తీసుకుని గబగబా నొక్కడం మొదలుపెట్టింది. వచ్చిన మెసేజీ చదివింది. "ఇది పార్సిలు నంబరు కాదమ్మా. నా పాస్‌వర్డ్ మార్చడానికి వచ్చింది. నువ్వు చెప్పుంటే నా ఖాతా వాడిదైపోయేది. నా కార్డు, నా పేరు, అన్నీ. వాడు నేనైపోయి కొనుక్కునేవాడు."

"చెప్పలేదే. సగం నోట్లోకి వచ్చింది గానీ చెప్పలేదు."

"ఎన్నిసార్లు చేసినాడు?"

"మూడు రోజుల్నుంచి."

జెస్సికా తలెత్తింది. "మూడు రోజులా! అంబులెన్సు పోతే ఫోను చేస్తావు, ఆకాశంలో మబ్బేస్తే ఫోను చేస్తావు. ఎవడో ముక్కూమొహం తెలియనోడు నా పుట్టినరోజు అడిగితే మాత్రం చెయ్యవా? మూడు రోజులు వాడితో ఏం మాట్లాడినావమ్మా? ఎందుకు మాట్లాడినావు?"

సువార్తమ్మ గేటు ఊచ వంక చూసింది. "భోంచేసినావా అని అడిగినాడే" అంది.

ఫోను మీద జెస్సికా వేలు ఆగింది. మళ్ళీ పని మొదలుపెట్టింది గానీ వేలికి ఆ ఉరుకు లేదు. పాస్‌వర్డ్ మార్చింది. "నా తప్పు కూడా ఉందిలే. పేరూ పుట్టిన సంవత్సరమూ కలిపి పెట్టుకున్నా. ఎవడైనా ఊహిస్తాడు" అంది. ఏ ఏ ఫోన్లలో ఖాతా తెరిచి ఉందో చూసి తన ఫోనులో తప్ప అన్నింట్లోనూ మూసేసింది. దాచిపెట్టిన కార్డు తీసేసింది. ఆధార్‌కు తాళం వేసింది. సైబరు పోలీసుల నంబరుకు ఫోను చేసి వాడి నంబరు చెప్పింది. ప్రార్థన గుంపు తెరిచి అమ్మ మెసేజీ కింద ఉన్న ఆమెన్లన్నీ చూసింది. సగానికి సగం పేర్లు లేని నంబర్లు. మందిరం వీడియో కింద ఎవరైనా చేరండి అని పెట్టిన లింకు పట్టుకుని ఎవరెవరో వచ్చేశారు. పాస్టరమ్మగారికి చెప్పి ఆ మెసేజీ తీయించింది. అన్నీ అయ్యాక 'ఇల్లు' దగ్గర ఆగింది.

"ఇప్పుడు ఆసుపత్రి సెక్యూరిటీవాళ్ళే పార్సిళ్ళు తీసుకుంటున్నారు. అక్కడికి మార్చుకోవచ్చు..." అమ్మ ముఖం చూసింది. "లేకుంటే ఉండనీలే. ఇదొక్కటీ ఉండనీ. ఏం కాదు."

ఉండనీ అని నాలుక మీదే ఉంది. సువార్తమ్మ కూతురి పాదాల వంక చూసింది. చెప్పుల పట్టీ కింద ఎర్రగా చార పడి ఉంది. వాడికి ఆ గడప తెలుసు. ఆ గడప పేరుతో ఈ పిల్ల పేరు కలిసి ఉన్నన్నాళ్ళూ తనకు కంటిమీద కునుకుండదు.

"ఏం కాదని ఎట్ల చెప్తావు? తీసెయ్."

"అమ్మా..."

"తీసెయ్యే."

తీసెయ్యాలా అని ఫోను ఇంకోసారి అడిగింది. జెస్సికా నొక్కింది.

రెండు రోజులకు సుంకన్న మెట్లెక్కి వచ్చాడు. అండర్‌పాసులో వాననీళ్ళు నిలిచి ఆ రోజు బండి ఇటువైపే రాలేదట, పై వాడెవడో తాళమని రాసేశాడట.

"పెట్టె ఎత్తు."

"ఇన్నేళ్ళుగా చూస్తాండావు, నా ముఖం చాలదామ్మా?"

"నీ ముఖం మీద నా కూతురి పేరు లేదప్పా."

ఎత్తాడు. చదువుకుంది. నంబరు చెప్పింది. "ఇంక నువ్వు రావులే" అని కూడా అంది. అతనికి అర్థం కాలేదు. దిగిపోయాడు.

ఆదివారం జెస్సికా వచ్చింది. బూట్లు తొడుక్కుని వంటింటి దాకా, గ్రిల్లు దాకా నడిచింది. "మెత్తగా ఉన్నాయి" అంది. వంకాయ కూరతో రెండుసార్లు పెట్టించుకుంది. అమ్మ ఒళ్ళో పాదాలు పెట్టి అట్లాగే నిద్రపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కినా సువార్తమ్మ కదల్లేదు. సాయంత్రం బూట్లతోనే మెట్లు దిగి పోయింది. ఖాళీ పెట్టె మిగిలింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు మధ్యాహ్నం పూట ఫోను మోగేది. "భోంచేసినావా అమ్మా?" సువార్తమ్మ కూర పేరుతో సహా చెప్పేది. తర్వాత డ్యూటీ మారింది. ఫోను బదులు మెసేజీ వచ్చేది. తర్వాత ఆదివారాలు, ఒళ్ళు హూనమైన ఆదివారాలు. తప్పు జెస్సికాది అనడానికి లేదు. వార్డు నిండా జనం.

ఒక మధ్యాహ్నం సువార్తమ్మ, ఇన్నాళ్ళూ పేరు ఒలవకుండా ఉంచుకున్న ఆ ఖాళీ పెట్టెను ముందు పెట్టుకుని తడిగుడ్డ పరిచింది. నానింది. మూల లేపింది. ఒలిచి, పిండి, సగం ఆ రోజు చెత్తలోనూ సగం పక్కన కాగితంలోనూ వేసింది. భయం ఎక్కడికీ పోలేదు. చేతులు కడుక్కుని ఫోను తీసుకుంది. పార్సిళ్ళ పేజీ ఉండే చోట, మీరెవరో చెప్పండి అన్నట్టు ఖాళీ గడి ఒకటి వెలుగుతోంది. దాన్ని మూసేసి ప్రార్థన గుంపు తెరిచింది. ఇప్పుడక్కడ పైనే రాసి పెట్టారు, పేర్లు, తేదీలు, నంబర్లు చెప్పకండి అని.

బటను నొక్కి పట్టుకుంది.

"అమ్మగారికీ సంఘానికీ వందనాలు. ఒక ఇంట్లో అవసరత ఉండాది. ఎవరిదని చెప్పను. దేవునికి తెలుసు. ఒక ఆదివారం గురించి ప్రార్థన చెయ్యండి."

ఆమెన్. ఆమెన్. చేతులు జోడించిన బొమ్మలు. కొంచెంసేపటికి పాస్టరమ్మగారు అడిగింది, ఏ ఆదివారం సిస్టర్ అని.

సువార్తమ్మ ఆ ప్రశ్నను చాలాసేపు చూసింది. ఫోను బోర్లించి పెట్టి, లేచి వెళ్ళి గ్రిల్లు గడియ వేసి ఉందో లేదో చూసింది. వేసే ఉంది.